బేస్‌మెంటులో డీజిల్ ఇంజను

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పండగ సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, ఈ మధ్య గుడిలో కలిసినా, పుట్టినరోజు పార్టీల్లో కలిసినా చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "మీ బేస్‌మెంటులో రైలు ఉందట కదండీ, మా పిల్లాడు కూడా ఒకటే గోల. ఏది కొనాలి? ఒక్క ఇంజనే మూడు వందల డాలర్లట, బొమ్మకి అంత పెట్టొచ్చా?" అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెబుదామని ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను. నేను రైల్వే ఇంజనీర్ని కాదు, సాఫ్ట్‌వేర్ మనిషిని. కాబట్టి నేను చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

ముందు ఈ రైలు మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. మా బాపు కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరు. ముప్ఫై ఏళ్ళ పైన చేసి రిటైరయ్యారు. 2018 అక్టోబరులో మా దగ్గరికి, అంటే షికాగో పక్కన నేపర్‌విల్‌కి, ఆరు నెలలు ఉండేలా వచ్చారు. మీలో చాలామందికి తెలిసిన సంగతే. మొదటి రెండు వారాలు అన్నీ వింతే. ఆ తర్వాత నేనూ మా ఆవిడా ఆఫీసుకి, బాబు స్కూలుకి. ఆయనొక్కరే ఇంట్లో. నవంబరులో మంచు మొదలయ్యాక బయటికి అడుగు పెట్టడం కూడా లేదు. మా వాడికి అప్పుడు పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడు. తాత ఏదైనా అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి పైకి వెళ్ళిపోయేవాడు. డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర బాపు "టికెట్ జర ముందుకు జరుపు బిడ్డా, నేను పోత" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ శనివారం ఆయన్ని నేపర్‌విల్ స్టేషనుకి తీసుకెళ్ళాను. అక్కడ మూడు లైన్లు. మెట్రా లోకల్ బండ్లు, యామ్‌ట్రాక్ బండ్లు, బీఎన్‌ఎస్‌ఎఫ్ వాళ్ళ గూడ్సు బండ్లు అన్నీ అక్కడినుంచే పోతాయి. లోకల్ బండిని లాగే ఇంజను ఎఫ్40పీహెచ్ అనే రకం. మా ఊరికీ షికాగోకీ మధ్యలో లాగ్రాంజ్ పేరుతో ప్రసిద్ధమైన ఈఎండీ ఫ్యాక్టరీ ఉంది, అక్కడ తయారైనవి అవి. ఈఎండీ పేరు వినగానే బాపు తల తిప్పారు. మన గుత్తి షెడ్డులో ఉండే డబ్ల్యూడీజీ-4 ఇంజను ఈ ఈఎండీ డిజైనే. 1999 నుంచి మన దేశానికి వచ్చింది. ఆయన చలిలో గంటన్నర నిలబడి ప్రతి ఇంజను గురించీ చెబుతూనే ఉన్నారు. మా వాడు పక్కనే ఉండి ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు. తిరిగి వచ్చే దారిలో ఒక హాబీ షాపు దగ్గర ఆగాను. అలా మొదలైంది.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం. షాపులోకి వెళ్ళగానే ముందు వినబడే మాట "స్కేలు". అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించి చేశారన్నదే స్కేలు. అమెరికాలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే 87లో ఒక వంతు. ఇక్కడ అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య సరిగ్గా అంతే ఉంటుంది. దానికంటే చిన్నది ఎన్ స్కేలు, 160లో ఒక వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి అది నయం, ఒక తలుపంత బల్ల మీద పట్టేస్తుంది. పెద్దది ఓ స్కేలు, ఇక్కడ 48లో ఒక వంతు. ఇంగ్లండులో వింటున్నవాళ్ళకి ఒక మాట. మీ దగ్గర ఎక్కువగా దొరికేది ఓఓ అనే స్కేలు, 76లో ఒక వంతు. పట్టాలు మాత్రం హెచ్‌ఓ కొలతే. కాబట్టి అమెరికా నుంచి చుట్టాలు కానుకగా తెచ్చిన ఇంజను మీ పట్టాల మీద నడుస్తుంది గానీ, మీ పెట్టెల పక్కన కొంచెం పొట్టిగా కనిపిస్తుంది.

ఈ 87 లెక్కని పిల్లలతో కలిసి చేయండి, చాలా సరదాగా ఉంటుంది. బాపు షెడ్డులో రోజూ చూసిన డబ్ల్యూడీఎం-2 ఇంజను బఫరు నుంచి బఫరుకి 17.12 మీటర్లు. హెచ్‌ఓలో అది సుమారు 197 మిల్లీమీటర్లు, ఒక జానెడు. మరి బరువు? అసలు ఇంజను 112.8 టన్నులు. దాన్ని 87తో భాగిస్తే టన్ను పైన వస్తుంది, మా వాడు ముందు అలాగే చెప్పాడు! పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 87తో మూడుసార్లు భాగించాలి. అప్పుడు వచ్చేది సుమారు 170 గ్రాములు. అంత తేలికైతే పట్టాల మీద చక్రం పట్టు దొరకదు, పెట్టెల్ని లాగలేదు. అందుకే మోడల్ ఇంజన్ల లోపల లోహపు దిమ్మ పెట్టి అరకిలో దాకా బరువు పెంచుతారు. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉందంటే అది మంచి గుర్తే.

వేగం కూడా అంతే. అసలు మైలు హెచ్‌ఓలో సుమారు 60 అడుగులు. గంటకి 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు కదా. అంటే మోడల్ బండి సెకనుకి ఒక అడుగు కదిలితే అది నిజంగా 60 మైళ్ళ వేగమన్నమాట. పిల్లలు మీట పూర్తిగా తిప్పితే సెకనుకి రెండు, మూడు అడుగులు పోతుంది. అంటే గూడ్సు బండి 150 మైళ్ళ వేగంతో పోతున్నట్టు! నెమ్మదిగా నడపడమే ఈ సరదాలో గొప్ప. కొత్త ఇంజను కొనేటప్పుడు షాపతన్ని అడిగి, ఒక్కసారి అతి నెమ్మదిగా నడిపించి చూడండి. కుదుపు లేకుండా, ఆగి ఆగి పోకుండా పాకినట్టు కదిలితే దాని మోటారూ పళ్ళచక్రాలూ బాగున్నట్టు.

లోపల ఏముంటుందో చెబుతాను. మధ్యలో చిన్న విద్యుత్ మోటారు. దానికి రెండు పక్కలా ఇత్తడి ఫ్లైవీల్స్. కరెంటు ఒక్క క్షణం తెగినా ఆ తిరిగే బరువు బండిని ముందుకి తోస్తుంది. మోటారు నుంచి రెండు వైపులా సన్నటి కడ్డీలు చక్రాల గుంపుల మీదికి వెళతాయి. అక్కడ మరలాంటి వార్మ్ గేరు తిరిగి ఇరుసులన్నిటినీ తిప్పుతుంది. మంచి మోడల్లో అన్ని ఇరుసులకీ శక్తి అందుతుంది, అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకుంటుంది. పట్టాల్లో ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్ అనుకోండి. కుడి చక్రాలు ఒకదాన్నుంచి, ఎడమ చక్రాలు ఇంకోదాన్నుంచి కరెంటు తీసుకుంటాయి. పట్టాల మీద దుమ్ము, నూనె ఉంటే బండి తడబడుతుంది. కొత్త ఇంజను పాడైందని వెనక్కి ఇచ్చేవాళ్ళలో చాలామంది ముందు పట్టాలు తుడిచి చూసి ఉండరు. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు పాత నూలుగుడ్డకి కొంచెం అద్ది తుడిస్తే చాలు.

ఇక పెట్టె మీద కనిపించే రెండు మాటలు డీసీ, డీసీసీ. డీసీ పాత పద్ధతి. పట్టాల్లో వోల్టేజి పెంచితే బండి వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. చవక, తేలిక. కాకపోతే ఒకే లైను మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. డీసీసీ అంటే డిజిటల్ పద్ధతి. పట్టాల్లో ఎప్పుడూ దాదాపు ఒకే వోల్టేజి ఉంటుంది, దాంతోపాటే డిజిటల్ సందేశాలు వెళుతుంటాయి. ప్రతి ఇంజను లోపలా డీకోడర్ అని ఒక చిన్న సర్క్యూటు, దానికో నంబరు. "3వ నంబరు ఇంజనూ, నువ్వు ముందుకి నడు" అంటే ఆ ఇంజనే వింటుంది. మన ఊళ్ళో ఒకే తీగ మీద పది ఇళ్ళుండి, ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు పలికినట్టు. కొత్త ఇంజను కొన్నప్పుడు దాని నంబరు మామూలుగా 3 ఉంటుంది. రెండో ఇంజను కొన్నాక మార్చుకోవాలి, లేకపోతే రెండూ పలుకుతాయి. ఈ డీసీసీకి అమెరికాలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణాలు పెట్టింది. అందుకే ఒక కంపెనీ ఇంజను ఇంకో కంపెనీ కంట్రోలర్‌తో నడుస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. ఆ రోజు షాపులో అద్దాల బీరువాలో ఎస్‌డీ40-2 ఇంజను కనిపించింది. 1972లో ఈఎండీ మొదలుపెట్టిన 3000 అశ్వశక్తి ఇంజను, ఈ దేశంలో గూడ్సు బండ్లకి ఎద్దులాగా పనిచేసిన రకం. హెచ్‌ఓలో తొమ్మిదిన్నర అంగుళాల పొడవు, ఆరు ఇరుసులు. చూడగానే నచ్చింది, కొనేశాను. పట్టాలు మాత్రం చవగ్గా దొరికిన 18 అంగుళాల వంపువి తీసుకున్నాను. ఇంటికొచ్చి గుండ్రంగా పరిచి నడిపిస్తే ప్రతి చుట్టుకీ వంపులో పడిపోవడమే. మూడుసార్లు పడ్డాక మా వాడి కళ్ళలో నీళ్ళు. నేను రసీదు వెతుకుతున్నాను, వెనక్కి ఇచ్చేద్దామని.

బాపు కుర్చీలోంచి లేచి వచ్చి కింద కూర్చున్నారు. ఇంజను చేతిలోకి తీసుకోలేదు, పట్టాల వంపు చూశారు. "గిది ఎన్ని డిగ్రీల వంపురా?" అన్నారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. రైల్వేలో వంపుని డిగ్రీల్లో చెబుతారట. 1750ని డిగ్రీలతో భాగిస్తే వంపు వ్యాసార్థం మీటర్లలో వస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌లో 10 డిగ్రీలకి మించి ఉండకూడదు, అంటే కనీసం 175 మీటర్ల వ్యాసార్థం. నేను కాలిక్యులేటర్ తీసి లెక్క వేశాను. మా 18 అంగుళాల వంపుని 87 రెట్లు చేస్తే సుమారు 40 మీటర్లు. అంటే 44 డిగ్రీల వంపు! 10 డిగ్రీల వంపుని హెచ్‌ఓలో వేయాలంటే రెండు మీటర్ల వ్యాసార్థం కావాలి, నా బేస్‌మెంటులో సగం దానికే పోతుంది. ఆయన నవ్వి "బండి తప్పు గాదు బిడ్డా, పట్టాలది" అన్నారు.

కారణం కూడా చెప్పారు. మూడు ఇరుసులు ఒకే చట్రంలో ఉంటాయి. షెడ్డులో దాన్నే బోగీ అంటారు. మనం పెట్టెని బోగీ అంటాం గానీ అసలు బోగీ అంటే ఆ చక్రాల చట్రమే. చట్రం పొడుగ్గా ఉంటే వంపులో వంగదు. ముందు చక్రం అంచు బయటి పట్టాని ఒరుసుకుంటూ పైకి ఎక్కేస్తుంది. అతుకు దగ్గర పట్టా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే ఇంకా తొందరగా ఎక్కుతుంది. ఆయన గోటితో ప్రతి అతుకూ తడిమి, మూడుచోట్ల తేడా పట్టుకున్నారు.

మీకు ఇందులోంచి వచ్చే సలహా ఇది. 18 అంగుళాల వంపు వేస్తే నాలుగు ఇరుసుల ఇంజను కొనండి. జీపీ7, జీపీ38-2 లాంటివి బాగా నడుస్తాయి. ఆరు ఇరుసుల ఇంజనే కావాలంటే కనీసం 22 అంగుళాల వంపు వేయండి, ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. పెట్టె మీదో, కంపెనీ కాగితంలోనో కనీస వంపు ఎంతో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. 4 అడుగులు, 8 అడుగుల ప్లైవుడ్ పలక మీద 22 అంగుళాల వంపు పడుతుంది. మేము మర్నాడే పట్టాలు మార్చి 22 వేశాం. ఎస్‌డీ40-2 ఆ తర్వాత నెమ్మదిగా, పడకుండా తిరిగింది.

జనవరిలో వీటన్‌లో, డుపేజ్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ట్రైన్ షో ఉంటే ముగ్గురం వెళ్ళాం. అక్కడే రెండో ఇంజను దొరికింది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో డీజిల్ ఇంజన్లు చేసిన పెద్ద కంపెనీల్లో ఆల్కో ఒకటి. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో ఉండేది. మన డబ్ల్యూడీఎం-2 ఆల్కో డిజైనే. 1962లో ఆల్కో నుంచి మొదటివి వచ్చాయి. కాశీలో డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ పెట్టాక 1964 జనవరి నుంచి మన దేశంలోనే తయారీ మొదలైంది. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ ఆపేసింది. పుట్టింట్లో దీపం ఆరిపోయినా, కాశీలో మాత్రం ఆ వంశం ఎన్నో దశాబ్దాలు సాగింది. ఆ ఫ్యాక్టరీకి 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చారు. ఇప్పుడు అక్కడ చేసేవి ప్రధానంగా ఎలక్ట్రిక్ ఇంజన్లు.

డబ్ల్యూడీఎం-2లో ఉండే యంత్రం ఆల్కో 251బి, 16 సిలిండర్లది. అదే 251బి యంత్రం అమెరికాలో సి424 అనే నాలుగు ఇరుసుల ఇంజన్లో కూడా ఉంది. దాని హెచ్‌ఓ మోడల్ శబ్దంతో సహా వస్తుంది. షోలో ఒకాయన టేబుల్ మీద నడిపించి చూపించాడు. బాపు దూరంగా టీ తాగుతున్నారు. శబ్దం విని కప్పు అక్కడే పెట్టేసి వచ్చారు. "గిది మన బండి మోతనే" అన్నారు.

ఈ శబ్దాల తేడా ఎందుకో చెబుతాను. ఈఎండీ పాత ఇంజన్లు టూ స్ట్రోక్. ప్రతి చుట్టుకీ ప్రతి సిలిండరూ ఒకసారి పేలుతుంది. ఎస్‌డీ40-2లో 16 సిలిండర్లు, నిమిషానికి 900 చుట్లు, అంటే సెకనుకి 240 పేలుళ్ళు. అందుకే అది ఒకే శ్రుతిలో గుయ్‌మంటుంది. ఆల్కో ఫోర్ స్ట్రోక్. రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. పూర్తి వేగంలో నిమిషానికి 1000 చుట్లయినా సెకనుకి 133 పేలుళ్ళే. ఊరికే నిలబడి ఉన్నప్పుడు 400 చుట్లు. అప్పుడు ఒక్కో దెబ్బా విడివిడిగా, దడదడమని వినబడుతుంది. మన స్టేషన్లలో నిలబడిన బండి పక్కన నడిచినవాళ్ళకి ఆ దడ పాదాల కింద కూడా తెలుస్తుంది. మోడల్లో శబ్దం చేసేది డీకోడరే. అసలు ఇంజన్ల శబ్దాన్ని రికార్డు చేసి అందులో నింపుతారు, బొటనవేలంత స్పీకరులోంచి వినిపిస్తారు.

ఇంటికి తెచ్చి నడిపించాక బాపు రెండు రోజులు విని, తల అడ్డంగా ఊపారు. "మోత మంచిగనే ఉన్నది. కానీ ఇది ఖాళీ ఇంజను మోత. లోడు మీద గిట్ల ఉండది. ఇంజను ముందుగాల మొత్తుకోవాలె, బండి తర్వాత కదలాలె."

ఈ ఒక్క మాటలో డీజిల్ ఇంజను రహస్యమంతా ఉంది. కారులో ఇంజను తిరిగితే ఆ తిరగడమే గేర్ల మీదుగా చక్రాలకి అందుతుంది. రైలు డీజిల్ ఇంజన్లో అలా కాదు. డీజిల్ యంత్రం ఒక జనరేటరుని తిప్పుతుంది. ఆ కరెంటు కింద ఇరుసుల దగ్గరున్న మోటార్లకి వెళ్ళి చక్రాల్ని తిప్పుతుంది. అంటే కదిలే పవర్‌హౌస్ అన్నమాట. డ్రైవరు చేతిలో ఎనిమిది నాచ్‌లు ఉంటాయి. యంత్రం ఎంత గట్టిగా తిరగాలో నాచ్ చెబుతుంది, బండి ఎంత వేగంగా పోతోందో దానికి సంబంధం లేదు. బరువైన గూడ్సు కదలాలంటే యంత్రం అరుస్తూ ఉంటుంది, బండి అంగుళం అంగుళం కదులుతుంది. బాగా వేగం అందుకుని పల్లంలో పోతుంటే నాచ్ తగ్గించేస్తారు, బండి పరిగెడుతుంది, యంత్రం మాత్రం నిద్రపోతున్నట్టు ఉంటుంది. కొత్తగా కొన్న మోడల్లో చాలావాటికి ఈ రెండూ కలిపి కట్టేసి ఉంటాయి. మీట తిప్పితే శబ్దం, వేగం ఒకేసారి పెరుగుతాయి. అది ఖాళీ ఇంజను నడక.

దీన్ని సరిచేసుకోవచ్చు. డీకోడర్లో సీవీలని కొన్ని గడులుంటాయి, ఒక్కో గడిలో ఒక అంకె. సీవీ3లో అంకె పెంచితే బండి నెమ్మదిగా వేగం పుంజుకుంటుంది. సీవీ4 పెంచితే నెమ్మదిగా ఆగుతుంది. సీవీ3 బాగా పెంచి మీట ఒక్కసారి తిప్పితే శబ్దం ముందు లేస్తుంది, బండి వెనక నుంచి కదులుతుంది. కొన్ని డీకోడర్లలో నాచ్‌ని వేరే బటన్‌తో చేత్తో మార్చుకోవచ్చు కూడా. ఏ బటన్ దేనికో డీకోడరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మార్చే ముందు పాత అంకె ఒక కాగితం మీద రాసుకోండి.

మేము మూడు వారాలు అదే పని. ఆయన వింటారు, "ఇంకా జర ఆలస్యం కావాలె" అంటారు. మా వాడు అంకె మారుస్తాడు. "తాతా, ఇప్పుడు నాచ్ ఎంత?" అని వాడు తెలుగులో అడగడం నేను మెట్ల మీదనుంచి విన్నాను. వాడు తనంతట తాను తాతని తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న అదే. టికెట్ ముందుకు జరపమన్న మాట మళ్ళీ రాలేదు. మార్చి ఆఖరు దాకా ఉన్నారు.

ఇక కొనడం గురించి. కొత్త మోడల్ ఇంజన్లు మామూలు బొమ్మల్లాగా ఎప్పుడూ షాపులో ఉండవు. కంపెనీ ముందు ఫలానా ఇంజను, ఫలానా రైల్వే రంగులు, ఫలానా నంబర్లతో చేస్తామని ప్రకటిస్తుంది. ఒక గడువులోగా షాపుల ద్వారా బుకింగులు తీసుకుంటుంది. చాలావరకు చైనాలో ఒక్క విడత తయారు చేయిస్తారు. అది అయిపోతే మళ్ళీ ఎప్పుడు చేస్తారో చెప్పలేం, ఏళ్ళు పట్టవచ్చు. అచ్చులు ఖరీదు, వివరాలు చాలా ఎక్కువ. ఒక్క ఎస్‌డీ40-2లోనే రైల్వే కంపెనీని బట్టి ముక్కు పొడవు వేరు, హారన్ చోటు వేరు, లైట్లు వేరు. వాటన్నిటినీ విడివిడిగా చేసి అతికిస్తారు. అందుకే ఆ ధర. హెచ్‌ఓలో శబ్దం లేని మంచి ఇంజను కంటే శబ్దం ఉన్నదాని ధర ఎక్కువ ఉంటుంది. అదే కంపెనీ చవక రకంలో వివరాలు తక్కువ, కానీ లోపలి మోటారు బాగానే ఉండవచ్చు. పిల్లల చేతికి ఇచ్చేది అదే మంచిది. సన్నటి కమ్మీలు, నిచ్చెనలు ఉన్న ఖరీదైనది పదేళ్ళ పిల్లాడు రెండు రోజుల్లో విరిచేస్తాడు. విరిచినందుకు తిట్టడం కంటే అది కొనకపోవడం మేలు.

మా ఆవిడ మొదట్లో గట్టిగానే అంది, "అంత డబ్బు బొమ్మకా?" అని. సమాధానంగా మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఏడాదికి ఒక్క ఇంజను, అది కూడా ట్రైన్ షోలో వాడినదైతే మంచిది. వాడినది కొనేటప్పుడు అక్కడే పట్టాల మీద నడిపించి చూడండి. నడుస్తున్నప్పుడు టకటకమని ఒకే లయలో శబ్దం వస్తే ఇరుసు మీది పళ్ళచక్రం పగిలి ఉండవచ్చు. మొదటిసారి కొనేవాళ్ళయితే ఇంజను, పట్టాలు, కంట్రోలర్ అన్నీ కలిసి ఉన్న పెట్టె తీసుకుని, పిల్లాడికి ఆసక్తి నిలుస్తుందో లేదో ఒక చలికాలం చూడండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఈ స్కేలు మోడల్స్ మీద సాధారణంగా 14 ఏళ్ళు దాటినవాళ్ళకని రాసి ఉంటుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో చిన్న భాగాలు నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, పెద్దవాళ్ళు పక్కన ఉండాల్సిందే. ఇక్కడి ట్రాన్స్‌ఫార్మర్ని ఇండియాకో, గల్ఫ్‌కో పంపితే ముందు దాని వెనక ఏ వోల్టేజికి చేశారో చదవండి. 120 వోల్టులదని మాత్రమే రాసి ఉంటే 230 వోల్టుల ప్లగ్గులో పెట్టొద్దు. మొదటి నిమిషంలోనే కాలిపోతుంది.

మన ఇండియన్ ఇంజన్లు హెచ్‌ఓలో దొరుకుతాయా అని కూడా అడుగుతారు. చిన్న చిన్న తయారీదార్లు, అభిమానులు కొద్ది సంఖ్యలో చేస్తుంటారు. ఒక సంగతి గుర్తుంచుకోండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. కానీ పట్టాలు 16.5వే దొరుకుతాయి కాబట్టి మోడల్స్ ఎక్కువగా వాటి మీదే నడిచేలా చేస్తారు. ముందునుంచి చూస్తే పెద్ద ఒళ్ళు, సన్న కాళ్ళలా ఉంటుంది. బాపుకి ఒక ఫోటో చూపిస్తే వెంటనే పట్టేశారు. "గేజు తక్కువున్నది" అని.

ఆయన 2019 మార్చిలో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా వాడి నోట్‌బుక్కులో రెండు పేజీలు రాసి ఇచ్చారు. ఒకదాంట్లో డబ్ల్యూడీఎం-2 బొమ్మ, భాగాల పేర్లు. ఇంకోదాంట్లో బండి ఎక్కడ ఏ నాచ్‌లో ఉండాలో, స్టేషను వదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, పల్లంలో. అంతా తెలుగులో. 2021లో ఆయన పోయారు. ప్రయాణాలు సరిగ్గా లేని రోజులు, నేను సమయానికి చేరలేకపోయాను. ఆ వారం మా వాడు ఆ నోట్‌బుక్కు తెచ్చి "ఇది చదవడం నేర్పించు" అన్నాడు. అంతకుముందు అక్షరాలు నేర్పిద్దామని ఎన్నిసార్లు కూర్చోబెట్టినా కుదరలేదు. ఇప్పుడు వాడు తెలుగు పేపరు చదవలేడు గానీ ఆ రెండు పేజీలు మాత్రం తడుముకోకుండా చదువుతాడు.

నేను బాధపడేది ఒక్కదానికే. ముప్ఫై ఏళ్ళు ఆయన ఆ షెడ్డులో ఏం చేసేవారో నేను చిన్నప్పుడు ఒక్కసారి కూడా అడగలేదు. నూనె మరకల చొక్కాతో ఇంటికొచ్చేవారు, అంతవరకే నాకు తెలుసు. అడిగింది మా వాడు, అదీ ఒక జానెడు ఇంజను వల్ల.

కాబట్టి మూడు వందల డాలర్లు బొమ్మకి పెట్టొచ్చా అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. ఒక్క పిల్లాడి చేతికి ఇచ్చి మీరు పైకి వెళ్ళిపోతే అక్కర్లేదు, యాభై డాలర్ల బొమ్మ చాలు. పక్కన కూర్చుంటానంటే కొనండి. మీ ఇంట్లో రైల్వేలో పనిచేసిన పెద్దవాళ్ళుంటే, డ్రైవరైనా, గార్డైనా, గ్యాంగ్‌మనైనా, ఈ సెలవుల్లో వాళ్ళు వస్తుంటే, ముందు పట్టాలు పరిచి ఉంచండి. రైల్వే కాకపోతే వాళ్ళు చేసిన పని ఏదైతే అది. వంపు ఎన్ని డిగ్రీలో వాళ్ళే అడుగుతారు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు, నమస్కారం.